ఆకుపచ్చ జాడీ

గత ఏడాది షాబాన్ నెలలో ఒక హస్తకళల ప్రదర్శనకు వెళ్లి, ఒక జాడీని చూసి మనసు పారేసుకున్నాను. నిగనిగలాడే ఆకుపచ్చ పూత, దానిపై చేతితో గీసిన పూలతీగ. ధర కాస్త ఎక్కువే అనిపించినా బేరమాడకుండా కొన్నాను. ఇంటికి తెచ్చి నిమ్మకాయ ఊరగాయ పెట్టాను. రమజాన్ నెలంతా సహ్రీ వేళ మా దస్తర్ఖాన్ మీద ఆ జాడీయే ప్రధానం. అప్పటికి మా కోడలికి ఐదో నెల. ఆమెకు పులుపు మీద ఎంత మమకారమో చెప్పనక్కరలేదు.

ఈద్ గడిచిన తరువాత జాడీ ఖాళీ చేసి కడుగుతుండగా చేతికి గరుకు తగిలింది. లోపల ఊరగాయ ఉన్నంత మేర మెరుపు పోయి, తెల్లగా, సున్నం కొట్టినట్టు మాసిపోయింది. రసాయన శాస్త్రం బోధించే మా చెల్లెలికి చూపించాను. ఆమె మొదట అడిగిన ప్రశ్న, "ఇందులోది ఎవరెవరు తిన్నారు?" అని.

మట్టి పాత్రపై గాజువంటి పూత తక్కువ వేడికే కరిగి, మెరిసి, రంగులు తేటగా పలకాలంటే అందులో సీసం కలపడం శతాబ్దాల నాటి సులువైన మార్గం. తగిన పాళ్లలో కలిపి సక్రమంగా కాల్చకపోతే ఆ సీసం పూతలో గట్టిగా బంధింపబడదు. నిమ్మ, చింతపండు, వెనిగర్ వంటి పులుపు తగిలినప్పుడు కొద్దికొద్దిగా ఆహారంలోకి దిగుతుంది. ఆకుపచ్చ కోసం రాగి కలిపిన సీసపు పూత మరింత తేలికగా సీసాన్ని వదులుతుంది. పసిపిల్లల మెదడుకూ, గర్భస్థ శిశువుకూ అది చేసే హాని తీవ్రమైనది. ఇంతవరకు పరవాలేదు అనదగిన మోతాదు సీసం విషయంలో లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

కోడలికి రక్తపరీక్ష చేయించాము. ఫలితం వచ్చేవరకు ఇంట్లో ఎవరమూ ఆ మాట ఎత్తలేదు. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. అనివుంటే కొంత తేలికపడేదాన్నేమో. అల్హమ్దులిల్లాహ్, రక్తంలో గుర్తించదగినంత సీసం లేదన్నారు.

అప్పటినుండి మట్టి పాత్ర కనబడితే ముందు దాని పుట్టుక గురించి అడగడం నాకు అలవాటైపోయింది. అలా అడుగుతూ పోయిన కొద్దీ భయం తగ్గి, ఆ పని మీద గౌరవం పెరిగింది.

ఈ కళలో ముస్లిం కుమ్మరుల చరిత్ర చాలా గొప్పది. అబ్బాసీల కాలంలో చైనా నుండి తెల్లని పింగాణీ ఓడల్లో వచ్చేది. 1998లో ఇండోనేషియాలోని బెలిటుంగ్ ద్వీపం వద్ద సముద్రంలో ఒక అరబ్బు తరహా ఓడ శిథిలాలు దొరికాయి. అందులో సుమారు 60,000 చైనా పాత్రలున్నాయి. వాటిలో ఒక గిన్నెపై ఉన్న తేదీ క్రీ.శ. 826కు సరిపోతుంది. ఇరాక్‌లో పింగాణీకి తగిన తెల్లమట్టి లేదు. అందుకని బస్రా కుమ్మరులు తమ పసుపుపచ్చని మట్టి గిన్నెకే తగరం కలిపిన తెల్లని పూత వేశారు. ఆ తెలుపు మీద కోబాల్టుతో నీలి బొమ్మలు గీశారు. అంతటితో ఆగక వెండి, రాగి లవణాలతో చిత్రించి, పొగ నిండిన కొలిమిలో రెండవసారి కాల్చి, మట్టికి లోహపు తళుకు తెచ్చారు. బంగారు, వెండి పాత్రలలో తినరాదన్న దైవప్రవక్త (స) ఆదేశమే ఈ తళుకుకు కారణమని కొందరు అంటారు. నాకు మాత్రం ఆ వివరణ పూర్తిగా రుచించదు. ఆ పాత్రలు కూడా సంపన్నుల ఇళ్లకే చేరాయి కదా!

నా మనసు మాత్రం నీషాపూర్, సమర్‌ఖంద్ గిన్నెల వద్దనే ఆగిపోతుంది. పదవ శతాబ్దపు ఆ గిన్నెలలో కొన్నింటికి తెల్లని పూత, అంచు చుట్టూ నల్లని కూఫీ అక్షరాలు తప్ప మరే అలంకారమూ లేదు. ఆ అక్షరాలు చాలా వరకు గిన్నె యజమానికి శుభం కోరే దుఆలు, లేదా సహనం గురించో దానగుణం గురించో చెప్పే సామెతలు. అన్నం తింటూ తింటూ పోతే అడుగునా అంచునా మంచిమాట ఎదురవుతుందన్నమాట.

కుమ్మరులు సాధారణంగా తమ పని రహస్యాలను రాసిపెట్టరు. కాషాన్‌లోని ఒక ప్రసిద్ధ కుమ్మరి వంశంలో పుట్టి, కొలువులో చరిత్రకారుడైన అబుల్ ఖాసిం మాత్రం 1301లో తన ఇంటి విద్యను గ్రంథస్థం చేశాడు. పది పాళ్లు నూరిన తెల్లరాయి, ఒక పాలు గాజుపొడి, ఒక పాలు తెల్లమట్టి అని కొలతతో సహా చెప్పాడు. ఇంచుమించు అదే పోకడ మన దేశంలో జైపూర్ నీలి పాత్రలలో కనిపిస్తుంది. వాటిలోనూ ఎక్కువ భాగం తెల్లరాతి పొడి, గాజుపొడే. గత శతాబ్దంలో అడుగంటిపోతున్న ఆ పనికి మళ్లీ ప్రాణం పోసినవారిలో కృపాల్ సింగ్ షెఖావత్ ముఖ్యులు. ఆ పాత్రలు మా ఇంట్లోనూ ఉన్నాయి, పూలకు మాత్రమే.

వంటింటికి వస్తే, పూత లేని మామూలు కుండ విషయంలో ఈ బెంగ లేదు. మనం కూజా అనేది ఫార్సీలోని 'కూజహ్' నుండి ఉర్దూ మీదుగా తెలుగింటికి వచ్చిన మాటే. దాని గోడలోని సన్నని రంధ్రాల గుండా నీరు బయటికి చెమర్చి, ఆవిరవుతూ లోపలి వేడిని తీసుకుపోతుంది. అందుకే పొడిగాలి వీచే తెలంగాణ ఎండల్లో రంజను నీళ్లు చల్లబడినంతగా సముద్రతీరపు ఉక్కలో చల్లబడవు. అందం కోసం కూజాకు ఆయిల్ పెయింట్ వేసేవారిని చూస్తే జాలేస్తుంది, దాని ఊపిరి తామే మూసివేస్తున్నారు.

కుండ కొనేటప్పుడు వేలి కణుపుతో తట్టి చూడండి. చక్కగా కాలినదైతే ఖంగుమంటుంది. పచ్చిదో పగులుబారినదో అయితే బొంగురుగా పలుకుతుంది. సూరయె రహ్మాన్‌లో మానవుని సృష్టి ప్రస్తావనలో వచ్చే 'సల్సాల్' అనే పదానికి అర్థం తడితే మ్రోగే ఎండు మట్టి అని మా దాదీమా చెప్పేవారు. కుండ తట్టినప్పుడల్లా ఆమె గుర్తొస్తారు. తెచ్చిన కుండను ఒక రాత్రంతా నీళ్లలో నానబెట్టాలి. సబ్బు తగలనివ్వవద్దు, ఆ వాసన రంధ్రాలలో నిలిచిపోతుంది. కొబ్బరి పీచుతో రుద్ది ఎండలో పెడితే చాలు. ఊరగాయలకు మన పాతకాలపు తెలుపు, గోధుమరంగు జాడీలే మేలు. అవి 1,200 డిగ్రీలకు పైబడిన వేడిలో కాలినవి, సాధారణంగా వాటి పూతకు సీసం అవసరం ఉండదు. రంగుల పాత్ర కొనక తప్పదనుకుంటే, సీసం లేదని అమ్మేవారు రాతపూర్వకంగా చెప్పగలరేమో అడగండి. అడగడంలో నామోషీ లేదు. నేను ఆ రోజు అడగలేదు.

మొన్న మా చిన్నమ్మాయిని ఊరి కుమ్మరి వద్దకు తీసుకువెళ్లాను. సారె మీద కుండ మెడ, భుజం మాత్రమే రూపుదిద్దుకుంటాయని, లోపల రాయి ఆనించి బయట చెక్కతో కొట్టి కొట్టి గుండ్రని అడుగును మూస్తారని నాకూ అప్పుడే తెలిసింది. అమ్మాయి చేత్తో ఒత్తి ఒక గిన్నె చేసింది. ఆయన దాన్ని ఎండలో పెట్టనివ్వలేదు. నీడలో నిదానంగా ఆరాలి, తడి మిగిలితే ఆవంలో ఆవిరై పగిలిపోతుంది, పక్కవాటినీ పగలగొడుతుంది అన్నారు. పది రోజులు ఆగి, తన కుండల మధ్య చోటిచ్చి కాల్చి ఇచ్చారు. డబ్బు తీసుకోమంటే నవ్వి ఊరుకున్నారు. ఆయన దగ్గర ఒక రంజను కొని, ఈసారి కూడా బేరమాడలేదు.

గిన్నె ఒకవైపు ఒరిగింది, నీళ్లు పోస్తే కారుతుంది. ఇఫ్తార్ వేళ ఖర్జూరపు గింజలు వేయడానికి దాన్నే వాడుతున్నాం. ఆకుపచ్చ జాడీని పారేయలేదు. మనవడికి అందనంత ఎత్తులో, బీరువా మీద పెట్టాను.