కాలు లాగితే రాదు!

కుస్తీలో రెండు భుజాలూ నేలకు ఆనితే చిత్తయినట్టే. బ్రెజిలియన్ జియుజిట్సులో అలా కాదు, వెల్లకిలా పడ్డాక కూడా ఆట సాగుతూనే ఉంటుంది. 1914లో బ్రెజిల్‌లో అడుగుపెట్టిన జపాన్ జూడో యోధుడు మిత్సుయో మయేదా నేర్పిన పట్లే ఈ విద్యకు మూలం.

కిందపడ్డవాడు పైవాడి కాలొకదాన్ని తన రెండు కాళ్ల మధ్య బిగిస్తే అది 'హాఫ్ గార్డ్'. ఒకప్పుడు దాన్ని ఓడిపోయే ముందు చేసే చివరి ప్రయత్నంగానే చూసేవారు. మోకాలి గాయంతో బాధపడిన బ్రెజిల్ ఆటగాడు రోబెర్టో కొరియా దాన్నే ఆయుధంగా మలిచాడు.

కిందివాడు చేతులు ముడుచుకుని, కాళ్లు బిగించి కదలకుండా ఉంటే పైవాడు బయటపడేదెలా? కొత్తవాళ్లు కాలిని బలంగా లాగుతారు. దాంతో వాళ్ల బరువు పైకి లేచిపోయి, కిందివాడికి పక్కకు తిరిగే వీలు దొరుకుతుంది. చేయి తిరిగినవాళ్లు కాలి సంగతి కాసేపు మర్చిపోతారు. ఒక చేతిని అతని మెడ కిందికి పోనిచ్చి, భుజంతో దవడను నొక్కి ముఖాన్ని అవతలికి తిప్పేస్తారు. రెండో చేతిని చంకలోకి దూర్చి, ఛాతీ బరువంతా మోపి వీపును నేలకు అదుముతారు. ముఖం అటు తిరిగితే ఒళ్లు ఇటు తిరగలేదు మరి!

అప్పుడే కాలి పని. ఖాళీగా ఉన్న పాదంతో అతని మోకాలిని నెడుతూ ముందు మోకాలు, తర్వాత చీలమండ విడిపించుకోవాలి. పక్కకు చేరి 3 సెకన్లు అదుపులో ఉంచితే 3 పాయింట్లు.

పిల్లలు నేర్చుకుంటుంటే ఒక్కమాట... సాధన శిక్షకుడి ఎదుటే చేయాలి. నొప్పి తెలియగానే అవతలివారిని చేత్తో తట్టాలి. తట్టిన మరుక్షణం పట్టు వదలడం ఈ ఆటలో మొదటి పాఠం.