భారతం ఆడే ఊళ్లలో బడికి నాటకం ఏదీ?

మహాభారతం ఆడే ఊళ్లలో బకాసుర వధ రోజున భీముడి వేషగాడు బండెక్కి ఊరంతా తిరుగుతాడు. బండి మీద అన్నం రాశి, పండ్లు, పిండివంటలు. జనం పెట్టింది తింటూ, చుట్టూ మూగిన పిల్లలకు పంచుతూ వీధి వీధీ దాటుతాడు. టికెట్ లేదు, ఆహ్వాన పత్రిక లేదు. హార్స్‌లీ హిల్స్ కింద మదనపల్లె మొదలుకొని పుంగనూరు మీదుగా కుప్పం దాకా, పాత చిత్తూరు జిల్లా పడమటి మండలాల్లో నాటకమే పిల్లల్ని వెతుక్కుంటూ వీధిలోకి వస్తుంది.

ధర్మరాజుల గుడి ఉన్న ఊళ్లలో ఎండాకాలం జరిగే ఈ భారతం మామూలుగా 18 రోజులు సాగుతుంది. మధ్యాహ్నం హరికథ, రాత్రి వీధినాటకం. ఇద్దరు మనుషులు తెర పట్టుకుంటే, దాని వెనక నుంచి కిరీటం, భుజకీర్తులు కట్టిన పాత్ర పాడుకుంటూ వస్తుంది. అర్జున తపస్సు నాడు నటుడు ఎత్తైన మాను ఎక్కి, పైనుంచి నిమ్మకాయలు, విభూతి విసురుతాడు. సంతానం కోరే ఆడవాళ్లు తడిచీరలతో కింద సాగిలపడి ఉంటారు. చివరి రోజు ఊరి బయట నేలమీద మట్టితో చేసిన భారీ దుర్యోధనుడి బొమ్మ. దాని చుట్టూ భీమ దుర్యోధనులు గదలతో తరుముకుంటుంటే జనమూ వాళ్ల వెంట కదులుతుంది. దుర్యోధనుడు పడ్డాకే ద్రౌపది జుట్టు ముడుస్తుంది.

జనాన్ని ఎలా రప్పించాలన్నది నగరాల్లో నాటక సమాజాలను వేధించే ప్రశ్న. ఇక్కడ అది ఏనాడో తేలిపోయింది. కూలి పని నుంచి వచ్చి, అన్నం తిని, చాప చంకన పెట్టుకుని బయల్దేరే వేళకే ఆట మొదలవుతుంది. చదువు రానివాళ్లకూ కథ తెలుసు. ఖర్చు ఊరు పంచుకుంటుంది.

ఈ బలాన్ని ప్రభుత్వమే ఒకసారి వాడుకుంది. 1990ల తొలినాళ్లలో చిత్తూరు జిల్లా అక్షరాస్యతా ఉద్యమానికి అక్షర తపస్మాన్ అని పేరు పెట్టారు. అర్జునుడు ఎక్కే మాను ఎరిగిన జనానికి ఆ పేరు విడమరిచి చెప్పాల్సిన పని లేకపోయింది. కళాజాతాలు ఆటపాటలతో పల్లెలకు వెళ్లాయి. ఉద్యమం చల్లబడ్డాక ఆ సందడీ పోయింది. పెద్దలకు అక్షరం నేర్పడానికి పనికొచ్చిన ఆట పిల్లల బడిలో మాత్రం నిలదొక్కుకోలేదు. ఇది పెద్ద నష్టం.

ఈ ప్రాంతానికి విద్యాసంస్థల కొరత లేదు. మదనపల్లెలో 1915లో పుట్టిన దివ్యజ్ఞాన కళాశాల ఉంది. 1919లో టాగోర్ అక్కడికి వచ్చి జనగణమనను ఇంగ్లీషులోకి మార్చిన సంగతి అందరూ చెప్పుకుంటారు. అప్పట్లో ఆ కళాశాలను నడిపించిన జేమ్స్ కజిన్స్ ఐర్లండ్ జాతీయ నాటక ఉద్యమపు తొలిరోజుల్లో నాటకాలు రాసినవాడన్న సంగతి అంతగా చెప్పుకోరు. రిషివ్యాలీ గ్రామీణ విద్యాకేంద్రం చుట్టుపక్కల పల్లె బడుల్లో కథలు, పాటలు, బొమ్మలాటలను పాఠంలో కలిపింది. 1997లో ఏర్పడిన ద్రావిడ విశ్వవిద్యాలయం కుప్పంలోనే ఉంది. తెలుగు, తమిళం, కన్నడం కలగలిసే ఆ సరిహద్దులో వీధినాటకాన్ని మించిన పాఠ్యాంశం ఏముంటుంది?

పక్క రాష్ట్రం దారి చూపించింది. కర్ణాటకలో హెగ్గోడు అనే పల్లెలో కె.వి.సుబ్బణ్ణ 1949లో మొదలుపెట్టిన నాటక సంస్థ నీనాసం, 1985 నుంచి తిరుగాట పేరుతో ఒక బృందాన్ని ఏటా ఊరూరా పంపుతోంది. మనకూ సురభి నాటక సమాజం ఉంది. తోలుబొమ్మలాడించే వనారస కుటుంబం 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధ ఆడి, నాటకాన్ని బతుకుతెరువుగా చేసుకుంది. తిరిగే నాటకం రాయలసీమకు అరువు సొమ్ము కాదు.

కావలసింది పోటీలు, జ్ఞాపికలు కావు, పని. భారతం ఆటలు ఎక్కువగా బడికి సెలవులున్న ఎండాకాలంలో వస్తాయి. బడులు నడిచే నెలల్లో చాలామంది కళాకారులు సేద్యానికో కూలికో పోతారు. ఆ నెలల్లో జిల్లా పరిషత్ హైస్కూళ్లు ఒక్కో బృందాన్ని వారం రోజులు పిలిపించుకుని, రోజుకింతని సక్రమంగా చెల్లించాలి. ఉదయం పిల్లలకు అడుగులు, మద్దెల, పద్యం నేర్పించి, వారం చివర ఊరి నడుమ వాళ్లచేత ఒక ఘట్టం ఆడించాలి. తల్లిదండ్రులు కూలి నుంచి వచ్చాకే ఆట పెట్టాలి. తెల్లారకముందే రైలెక్కి బెంగళూరు పనులకు పోయే కుప్పం కుటుంబాల కోసం దాన్ని ఆదివారానికి జరపాలి.

ఇందులో ఆడపిల్లలకు మొదటి చోటు దక్కాలి. వీధినాటకంలో ద్రౌపది వేషం తరతరాలుగా ఎక్కువగా మగవాళ్లదే. గురువులు బడికి వచ్చి నేర్పితే, సభలో నిలబడి ధర్మం అడిగే ఆ పాత్రను తొమ్మిదో తరగతి అమ్మాయి తన ఊరి ముందు, తన గొంతుతో ఆడగలుగుతుంది.