తీసిన వీడియో తీసినట్లే చేరవలెను

పైరుకు చీడ సోకినపుడు నాలుగు ఆకులు కోసి, గుడ్డలో చుట్టుకొని, వ్యవసాయాధికారి వద్దకు వెళ్ళుట మన రైతులకు చిరకాలముగా అలవాటు. నేడు రైతు పొలము గట్టున నిలుచుండి, చేతిలోని స్మార్టుఫోనుతో మొక్కను వీడియో తీసి, నిమిషములలో అధికారికి పంపగలుగుచున్నాడు. ఇది మంచి మార్పే. అయితే రైతు తీసిన వీడియోయు, అధికారి చూచు వీడియోయు ఒకటేనా? చాల సందర్భములలో ఒకటి కాదు. రైతు ఫోనులో స్పష్టముగా కదలుచున్న పురుగు, అధికారి ఫోనుకు చేరుసరికి మసకలో కలిసిపోవుచున్నది. ఆ నష్టము చివరకు పంట మీద పడుచున్నది.

ఈ విషయమును మన రైతులు గాని, గ్రామాధికారులు గాని తగినంత పట్టించుకొనుట లేదని మా అభిప్రాయము. మంచి కెమెరా గల ఫోను కొనుటకు చూపు శ్రద్ధలో సగమైనను, ఆ ఫోను తీసిన వీడియోను ఎదుటి వారికి చెడకుండ చేర్చు మార్గముపై చూపవలెను.

చిన్న గుర్తులు, పెద్ద నష్టములు

2018లో మన మొక్కజొన్న చేలలో కత్తెర పురుగు కొత్తగా ప్రవేశించినది. దానిని ఇతర లద్దె పురుగుల నుండి వేరుగా గుర్తించుటకు, తలపై తలక్రిందులైన ఆంగ్ల 'వై' అక్షరము వంటి గుర్తును, తోక వైపున చతురస్రముగా అమరిన నాలుగు నల్లని చుక్కలను చూడవలెను. 2021లో మిరప తోటలను నల్ల తామర పురుగు ముంచెత్తినది. అది పూవులలో దాగి ఉండును. దాని పొడవు సుమారు 1 మిల్లీమీటరు మాత్రమే.

ఇట్టి గుర్తులు వీడియోలో చెడిపోయిన యెడల అధికారి ఏమని సలహా ఇయ్యగలడు? మరల తీసి పంపుమని అడుగవలెను. లేదా ఊహించి చెప్పవలెను. ఊహ తప్పినచో పనికిరాని మందునకు డబ్బు పోవును, కూలి పోవును, ఆ నాలుగు రోజులలో పురుగు రెట్టింపగును. కావున వీడియో చెడకుండ చేరుట సస్యరక్షణలో ఒక భాగమే యని గ్రహింపవలెను.

వీడియో ఏల చెడును?

వీడియో అనగా వరుసగా తీసిన బొమ్మల కట్ట. సాధారణముగా సెకనుకు 30 బొమ్మలు ఉండును. ఈ కట్ట బరువును మెగాబైట్లలో లెక్కింతురు. ఐఫోనులో 1080 స్థాయి వీడియో నిమిషమునకు సుమారు 60 మెగాబైట్లు, 4కె స్థాయి వీడియో సుమారు 170 మెగాబైట్లు అగును. అనగా 5 నిమిషముల 4కె వీడియో 850 మెగాబైట్లకు చేరును.

వాట్సాప్‌లో మామూలు పద్ధతిని వీడియో పంపునపుడు, అది ఈ బరువును తగ్గించి పంపును. బొమ్మ కొలతను కుదించును. సన్నని వివరములను వదలివేయును. మనిషి ముఖము, ట్రాక్టరు, చేను బాగుగనే కనిపించును. పూవులోని పురుగు, ఆకుపై సన్నని చారలు ముందుగా మాయమగును. 2023లో వచ్చిన 'హెచ్.డి.' పద్ధతి కొంత మేలు. అయినను అదియు బరువు తగ్గించియే పంపును. పెండ్లి ముచ్చట పంపుటకు ఈ పద్ధతి చాలును, డేటాయు ఆదా అగును. పంట పరీక్షకు మాత్రము చాలదు.

నాంపల్లి గేజి, కాచిగూడ గేజి

ఇక పక్కపక్కన కూర్చున్న ఇద్దరు, నెట్టు లేకుండ వీడియో ఇచ్చిపుచ్చుకొనుటలో మరొక చిక్కు కలదు. అది తెలియుటకు హైదరాబాదు రైళ్ళ సంగతి గుర్తు చేసికొనవలెను. 1907లో ప్రారంభమైన నాంపల్లి స్టేషనుకు వచ్చు లైను బ్రాడ్‌గేజి. పట్టాల నడుమ దూరము 5 అడుగుల 6 అంగుళములు. అదే నగరములోని కాచిగూడకు వచ్చు లైను పూర్వము మీటరుగేజి. ఒక లైను వాగను రెండవ లైనుపై నడువలేదు. గేజి మారు చోట బస్తాలు దింపి, మరల ఎక్కింపవలసి వచ్చెడిది. కూలి దండుగ, కాలము దండుగ; దారిలో గింజలు నేలపాలు. రైల్వేలు 1992లో ఏకగేజి పథకమును చేపట్టినవి. తరువాత కాచిగూడ లైన్లును బ్రాడ్‌గేజికి మారినవి.

నేడు ఫోన్లలో అట్టి రెండు గేజులు ఉన్నవి. ఆండ్రాయిడ్ ఫోన్లకు 2020లో 'నియర్‌బై షేర్' అను సదుపాయము వచ్చినది. 2024 జనవరిలో అది శామ్‌సంగు వారి 'క్విక్ షేర్'తో కలిసి, ఆ పేరుతోనే సాగుచున్నది. ఐఫోన్లకు 'ఎయిర్‌డ్రాప్' ఉన్నది. ఒకే జాతి ఫోన్ల మధ్య రెండును చక్కగా పనిచేయును. నెట్టు ఖర్చు లేదు, వీడియో చెడదు. జాతి మారినచోటనే బస్తాలు దింపవలసి వచ్చుచున్నది. 2025 నవంబరులో గూగుల్ వారు పిక్సెల్ 10 ఫోన్లతో ఆరంభించి, క్విక్ షేర్ నుండి ఎయిర్‌డ్రాప్‌కు నేరుగా పంపు మార్గమును తెరచిరి. ఇది హర్షింపదగినది. అయితే గ్రామములో అట్టి ఖరీదైన ఫోన్లు ఎన్ని ఉండును? చవుక ఫోనుకును ఈ మార్గము తెరచిననాడే రైతుకు ఉపయోగము. ఫోన్ల తయారీదారులు తమలో తాము పోటీ పడవచ్చును గాని, వినియోగదారుని సరుకు పోవు దారిలో గేటు వేయరాదు.

ఒకే యాప్‌పై ఆధారపడుటయు మంచిది కాదు. 2020 జూన్ 29న కేంద్ర ప్రభుత్వము 59 యాప్‌లను నిషేధించినది. గ్రామములలో వీడియోలు మార్చుకొనుటకు విరివిగా వాడుచుండిన షేర్‌ఇట్, జెండర్ ఆ జాబితాలో ఉండెను. ఆ రెండు తప్ప వేరు దారి నేర్వని వారు అప్పుడు దిక్కుతోచక నిలిచిరి. కావున రెండు మూడు పద్ధతులు తెలిసి ఉండవలెను.

మీరు చేయదగిన పనులు

మొదటిది, వీడియోను పొట్టిగా తీయుడు. చీడ చూపుటకు 5 నిమిషముల వీడియో అక్కరలేదు. 1080 స్థాయిలో అర నిమిషము చాలును. పైన చెప్పిన ఐఫోను లెక్క ప్రకారము బరువు సుమారు 30 మెగాబైట్లు అగును. ముందు మొక్క మొత్తమును, తరువాత ఆకు అడుగు భాగమును, ఆపైన పురుగును దగ్గరగా, చేయి కదలకుండ చూపవలెను. పెద్ద వీడియోల బాధలో సగము ఇక్కడనే తీరును.

రెండవది, దూరమున ఉన్న వారికి వాట్సాప్‌లో పంపునపుడు గ్యాలరీ నుండి పంపక, క్లిప్పు గుర్తును నొక్కి, 'డాక్యుమెంట్' అను దానిని ఎంచుకొని, అందుండి వీడియోను పంపుడు. అప్పుడు వీడియో తీసినది తీసినట్లే చేరును. 2022 నుండి ఈ విధముగా 2 గిగాబైట్ల వరకు పంపుటకు వీలున్నది. డేటా పూర్తిగా ఖర్చగును గాన, వీడియో పొట్టిగా ఉండవలెనను మొదటి మాటను మరువరాదు.

మూడవది, దగ్గర ఉన్న వారిలో ఇద్దరివియు ఆండ్రాయిడ్ ఫోన్లైనచో క్విక్ షేర్ వాడుడు. ఒకటి ఆండ్రాయిడ్, రెండవది ఐఫోను అయినచో 'లోకల్‌సెండ్' అను ఉచితపు యాప్ రెండింటిలోను ఉండవలెను. ఒక ఫోనులో హాట్‌స్పాట్ తెరచి, రెండవ ఫోనును దానికి కలిపి పంపుకొనవచ్చును. యాప్‌ను ముందుగా దింపుకొని ఉన్నచో, పంపు సమయమున నెట్టు అవసరము లేదు. సిగ్నలు అందని తండాలలోను ఇది పనిచేయును.

నాలుగవది, బ్లూటూత్ పెద్ద వీడియోలకు తగదు. 500 మెగాబైట్లు పోవుటకు అర గంటకు పైగా పట్టును. పైగా ఆండ్రాయిడ్ నుండి బ్లూటూత్‌లో పంపిన వీడియోను ఐఫోను స్వీకరింపదు.

ఐదవది, మీరు ఐఫోను వాడుచున్నచో, అందులో తీసిన వీడియో కొన్ని పాత ఆండ్రాయిడ్ ఫోన్లలో ఆడక పోవచ్చును. సెట్టింగులలో కెమెరా, దానిలో ఫార్మాట్లు తెరచి, 'మోస్ట్ కంపాటిబుల్' అను దానిని పెట్టినచో ఈ ఇబ్బంది తప్పును. వీడియో బరువు మాత్రము బాగుగా పెరుగును.

అబిడ్స్‌లో అడుగవలసిన ప్రశ్నలు

జిల్లాల నుండి రైతులు నాంపల్లికి పలు పనుల మీద వత్తురు. పబ్లిక్ గార్డెన్స్‌లోని ఉద్యాన శాఖ కార్యాలయమునకు కొందరు వత్తురు. 1938లో మొదలై, ఏటా జనవరిలో జరుగు నుమాయిష్‌ను చూచుటకు మరి కొందరు వత్తురు. అచ్చటికి దగ్గరలోనే ఉన్న అబిడ్స్ జగదీశ్ మార్కెట్టులో ఫోన్లు, కేబుళ్ళు, మెమరీ కార్డులు దొరకును. అక్కడ ఫోను కొనువారు మొదట అడుగునది కెమెరా మెగాపిక్సెళ్ళ సంగతి. అది తప్పు కాదు. కాని దానితోపాటు ఇంకొన్ని ప్రశ్నలు వేయవలెను.

ఈ ఫోనులో క్విక్ షేర్ ఉన్నదా? మెమరీ కార్డు పెట్టుటకు చోటు ఉన్నదా? క్రింది రంధ్రము టైప్-సి రకమా? ఐఫోన్లలో 2023లో వచ్చిన 15వ రకము నుండియే టైప్-సి ఉన్నది; అంతకు పూర్వపు వాటికి వేరు కేబులు కావలెను. రెండు ఫోన్లకును టైప్-సి ఉన్నచో, ఆ రకపు పెన్‌డ్రైవు ఒకటి కొని ఉంచుకొనుట అన్నిటి కంటె సులువైన పద్ధతి. పెన్‌డ్రైవు ఎఫ్.ఎ.టి. 32 పద్ధతిలో ఉన్నచో, 4 గిగాబైట్లకు మించిన ఒక వీడియో అందులో పట్టదని మాత్రము గుర్తుంచుకొనుడు.

అన్నిటికంటె మేలైన పరీక్ష యొకటి కలదు. డబ్బు చెల్లించుటకు ముందే, కొనదలచిన ఫోనుతో రెండు నిమిషముల వీడియో తీసి, మీ పాత ఫోనునకు పంపి చూడుడు. ఎద్దును కొనునపుడు నడిపించి చూడక కొందుమా?

అధికారుల బాధ్యత

ఈ భారమంతయు రైతుపై మోపుట న్యాయము కాదు. తెలంగాణలో 2024 మార్చి నుండి 'రైతు నేస్తము' కార్యక్రమములో శాస్త్రజ్ఞులు వీడియో సమావేశము ద్వారా రైతు వేదికలలో కూర్చున్న రైతులతో మాటలాడుచున్నారు. ఆ రోజు రాలేని రైతుకు, కలుపు తీయుటకు వెళ్ళిన స్త్రీకి ఆ విషయము ఎట్లు చేరును? సాగు పద్ధతులు చూపు వీడియోల అసలు ప్రతిని, ఏ ఫోనులోనైనను ఆడు రూపములో, ప్రతి రైతు వేదికలోను పెన్‌డ్రైవులో ఉంచవలెను. ఎవరు ఏ ఫోను తెచ్చినను, నెట్టు ఖర్చు లేకుండ అందులోనికి ఎక్కించి పంపవలెను. నెట్టు లేదని వీడియోను ఆపనక్కరలేదు. 2008లో స్వతంత్ర సంస్థగా ఏర్పడిన డిజిటల్ గ్రీన్ వారు, బ్యాటరీతో నడుచు చిన్న ప్రొజెక్టర్లతో గ్రామములలో రైతుల వీడియోలను చూపి, ఇది సాధ్యమని నిరూపించియే ఉన్నారు.

గ్రామాధికారులకు మరొక మనవి. వడగండ్లకో, వరదకో పంట నష్టపోయినపుడు తీసిన వీడియోలో, తీసిన తేదీ, వేళ, స్థలము వంటి వివరములు లోపల నమోదై ఉండవచ్చును. వాట్సాప్‌లో మామూలుగా పంపినచో అవి పోవచ్చును. కావున రైతు వద్ద నుండి అసలు ప్రతినే తీసికొనుడు. రైతు ఫోనులోని ప్రతిని చెరుపవద్దని చెప్పుడు. రేపు ఎవరైనను ప్రశ్నించిన నాడు, రైతు చేతిలో నిలుచు సాక్ష్యము అదియే.

అబిడ్స్‌లోని పెద్ద తపాలా కార్యాలయములో వేసిన ఉత్తరము ఎంత మారుమూల పల్లెకు చేరినను, అందులోని అక్షరము ఒక్కటి కూడ తగ్గదు. తపాలా వారి నుండి మనము కోరిన ఆ నిజాయితీనే ఫోన్ల నుండియు కోరుటకు మనకు హక్కు కలదు. ఆ హక్కు పూర్తిగా చేతికి వచ్చు వరకు, ఉన్న పద్ధతులనే తెలివిగా వాడుకొనవలెను. ఈ పత్రిక చదివిన ప్రతి రైతును ఈ వారములోనే పొరుగు రైతుతో కూర్చుండి, ఒక వీడియోను డాక్యుమెంటుగా ఒకసారి, నేరుగా ఫోను నుండి ఫోనుకు ఒకసారి పంపి చూడవలెనని కోరుచున్నాము. చీడ వచ్చిన నాడు నేర్చుకొనుటకు తీరిక దొరకదు.