అన్నీ రాయండి, కానీ ప్రాణాపాయాన్ని ముందు రాయండి



కరెంటు షాకు తగిలిన వారిని ఆసుపత్రికి తెచ్చినప్పుడు, "ముందే ఎవరూ చెప్పలేదా?" అని అడుగుతుంటాం. "చెప్పారండీ, కాగితం మీద రాసి కూడా ఇచ్చారు" అన్న జవాబు విన్నప్పుడు మాకు బాధ కలుగుతుంది.

అశోక్ నగర్‌లో అద్దెకుంటున్న ఒక సంఘ కుటుంబం అలాంటి కాగితమే మాకు చూపించింది. ఎలక్ట్రీషియన్ ఇల్లంతా చూసి 23 లోపాలు రాశాడు. మొదటిది కాలింగ్ బెల్ పనిచేయకపోవడం. గీజరుకు ఎర్తింగ్ లేదన్న మాట 19వది. ఖర్చు చూసిన ఇంటి యజమాని "పండుగ తర్వాత చూద్దాం" అన్నారు. ఈలోగా బాత్‌రూంలో ఆ ఇంటి తల్లికి షాకు కొట్టింది. ఎలాగో ప్రాణం దక్కింది. ఎలక్ట్రీషియన్ ఏదీ దాచలేదు, అబద్ధమూ రాయలేదు. అయినా ఆ కాగితం ఆమెకు అక్కరకు రాలేదు.

లోపాలను వెదకడం ఎంత ముఖ్యమో, వాటిని ఏ వరుసలో చెప్పాలన్నది కూడా అంతే ముఖ్యమని మా అభిప్రాయం. గుండెనొప్పితో వచ్చిన రోగికి డాక్టరు ముందుగా పంటి గార గురించి చెప్పరు కదా! ఇంటి వైరింగ్ పరీక్షలో కూడా లోపాలను మూడు భాగాలుగా రాయాలి.

మొదటిది, ఈరోజే కరెంటు ఆపవలసినవి. ఎర్తింగ్ లేని గీజరు, ముట్టుకుంటే జిల్లుమనే ఫ్రిజ్ లేక వాషింగ్ మెషీన్, చేతికి అందే తెగిన తీగ, కాలిన వాసన వచ్చే బోర్డు, ఫ్యూజులో వేసిన మందపాటి తీగ ఇందులోకి వస్తాయి. తడి ఒంటికి కరెంటు సులువుగా ఎక్కుతుంది. చర్మం మీద చిన్న మచ్చే కనిపించినా లోపల గుండెకు, కండరాలకు దెబ్బ తగలవచ్చు.

రెండవది, నెలలోగా బాగు చేయించవలసినవి. 1.5 చదరపు మిల్లీమీటర్ల తీగకు 32 యాంపియర్ల ఎంసీబీ పెడితే, తీగ వేడెక్కి పాడైపోతున్నా ఎంసీబీ పడదు. ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సుకు ఇస్త్రీపెట్టె, కెటిల్ తగిలించే హాస్టల్ గదులూ ఇంతే. 2025 మే 18న చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్‌లో ఒక ఇల్లు అంటుకుని 17 మంది చనిపోయారు. వారిలో 8 మంది పిల్లలు. షార్ట్ సర్క్యూటే కారణమని అధికారులు ప్రాథమికంగా చెప్పారు. 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ లేకపోవడం కూడా ఈ రెండవ భాగంలోదే. అయితే ఎర్తింగ్ కూడా లేని ఇంట్లో దానిని మొదటి భాగంలోకి మార్చాలి.

మూడవది, తర్వాత మరమ్మతులు చేయించేటప్పుడు చూసుకోదగినవి. నారాయణగూడ, చిక్కడపల్లి పాత ఇళ్లలో చెక్క బోర్డులు, నల్లని స్విచ్‌లు ఇంకా ఉన్నాయి. అవి గట్టిగా, చల్లగా, పగుళ్లు లేకుండా ఉంటే పాతవి అన్నమాటే గానీ ప్రమాదకరం కాదు. పాతదాన్నల్లా ప్రమాదమని రాస్తే బిల్లు పెరుగుతుంది, నిజమైన ప్రమాదం మరుగున పడుతుంది.

"ఏదైనా వదిలేస్తే రేపు నా మీదికే వస్తుంది" అని ఎలక్ట్రీషియన్లు అంటారు. న్యాయమైన మాటే. అందుకే ఏదీ వదలమని మేము చెప్పడం లేదు, విడదీయమంటున్నాం. గోడలోపలి తీగల వంటి చూడలేకపోయినవాటిని కూడా "చూడలేదు" అని విడిగా రాయాలి. ఇంగ్లండులో ఇలాంటి విభజన ఉంది. 2020లో వచ్చిన నిబంధనల ప్రకారం అక్కడ అద్దె ఇళ్లను కనీసం 5 ఏళ్లకొకసారి పరీక్షించి, ఆ నివేదికను అద్దెకున్నవారికి ఇవ్వాలి.

మనం కూడా ఆ పద్ధతి పాటించాలి. డబ్బు ఇచ్చేది యజమాని, షాకు తగిలేది అద్దెకున్నవారికి. అశోక్ నగర్ గదుల్లో పోటీ పరీక్షలకు చదివే పిల్లలు, ఖాళీ చేయమంటారేమోనని నోరు విప్పరు. కాబట్టి మొదటి భాగంలోని లోపాలను ఆ గదిలో ఉండేవారికి అదే రోజు నోటితో చెప్పి, కాగితం నకలు కూడా ఇవ్వాలి. యజమానికి కోపం వచ్చినా సరే, ఈ ఒక్క విషయంలో మొహమాటం తగదు.

ఇంటి యజమానులకు మా మనవి: 23 పనులూ ఒకేసారి చేయించలేకపోవచ్చు, అర్థం చేసుకోగలం. గీజరు ఎర్తింగ్ మాత్రం పండుగ దాకా ఆగే పని కాదు. కుటుంబాలకు మా మనవి: ఎలక్ట్రీషియన్ వెళ్లేముందు ఒక్క ప్రశ్న అడగండి, "వీటిలో మా ప్రాణం తీయగలిగేది ఏది?" జవాబు వచ్చాక, అది బాగయ్యేవరకు ఆ స్విచ్ వేయకండి.