తరగతి గది ముచ్చట్లు - 9: కులం డీఎన్ఏలో ఉందా సార్?



దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో ఉండి బీఎస్సీ చదువుతున్న ఒకమ్మాయి పోయిన వారం నా దగ్గరికొచ్చింది. నల్లగొండ దిక్కు నుంచి బస్సెక్కి ఎల్బీనగర్‌లో దిగి, ఇక్కడి ఇరుకు గదుల్లో సర్దుకుని చదువుకునే మన పిల్లల్లో ఒకతి. "సార్, జెనెటిక్ డ్రిఫ్ట్ డెఫినిషన్ బట్టీ కొట్టిన. అర్థమైతే కాలె. మీరు తెలుగుల చెప్తరని వచ్చిన" అంది.

నేను తెలుగు లెక్చరర్ని. అయినా నోట్సు తీసి చూశాను. అందులో ఒక జిరాక్స్ పటం. మన దేశంలోని కులాలు, తెగలు వేరువేరు చుక్కల గుంపులుగా ఉన్నాయి. దాని కింద పెన్సిల్‌తో ఆమె రాసుకున్న మాట: "కులం డీఎన్ఏలో ఉందా?"

క్లాసులో అడిగావా బిడ్డా అంటే తల అడ్డంగా ఊపింది. భయమో, సిగ్గో. ఈ వారం రాస్తున్నది ఆ అడగని ప్రశ్న గురించే.

ఇలాంటి పటాలు ఊహించి గీసినవి కావు. ఎల్బీనగర్ నుంచి నాగోల్, ఉప్పల్ మీదుగా పోతే హబ్సిగూడలో సీసీఎంబీ ఉంది. అక్కడి తంగరాజ్, లాల్జీ సింగ్, హార్వర్డ్‌లోని డేవిడ్ రైక్ బృందం కలిసి 2009లో నేచర్ పత్రికలో ఒక అధ్యయనం వేశారు. అందులోని 25 సముదాయాల్లో మాల, మాదిగ, వెలమ, వైశ్య, చెంచు కూడా ఉన్నారు. 2013లో ఈ బృందమే 73 సముదాయాలను చూసి ఇంకో సంగతి తేల్చింది. సుమారు 4,200 ఏళ్ల కిందటి నుంచి 1,900 ఏళ్ల కిందటి దాకా ఈ దేశంలో జనం విస్తారంగా కలిశారు. ఆ తర్వాత ఆ కలయిక ఆగిపోయింది, ఎవరి గుంపులో వాళ్లే పెళ్లిళ్లు చేసుకోవడం స్థిరపడింది.

1916లో కొలంబియా యూనివర్సిటీలో ఒక పాతికేళ్ల యువకుడు చదివిన పత్రం గుర్తుందా? కులానికి కీలకం స్వకుల వివాహమేనని బాబాసాహెబ్ అప్పుడే చెప్పారు, డీఎన్ఏ నిర్మాణం బయటపడటానికి 37 ఏళ్ల ముందు.

కాగితం మీది పటం ఈ కథంతా మింగేస్తుంది. ఇవాళ్టి గుంపులను మాత్రమే చూపిస్తుంది. కాలం కనిపించదు, గోడ కనిపించదు. చూసిన పిల్లకు కులం పుట్టుకతోనే రక్తంలో ఉందేమో అనిపిస్తుంది. మనువాదికి కావలసింది అదే కదా!

మా కంప్యూటర్ సైన్స్ మిత్రుడిని అడిగి ఫోన్‌లో నడిచే చిన్న బొమ్మ ఒకటి చేయించాను. తెర మీద రంగురంగుల చుక్కలు, మధ్యలో గోడ. రెండు వైపులా మొదట్లో అవే రంగులు. మీట నొక్కితే ఒక తరం గడుస్తుంది. నొక్కేముందే ఏమవుతుందో రాయమన్నాను. "రెండు దిక్కుల ఒక్కతీరే ఉంటది" అని రాసింది. యాభై తరాలు నడిపింది. ఎడమవైపు ఎరుపు మిగిలింది, కుడివైపు పసుపు. మళ్లీ మొదట్నుంచి నడిపింది. ఈసారి ఇంకేవో రంగులు.

"ఎందుకట్ల మారినయి సార్?" అంది.

ఎందుకూ లేదు, లాటరీ లాంటిది. చిన్న గుంపులో ఏ రంగు మిగులుతుందన్నది కాకతాళీయం. అదే జెనెటిక్ డ్రిఫ్ట్. మిగిలిన రంగు గొప్పదీ కాదు, పోయింది తక్కువదీ కాదు. తర్వాత గోడలో చిన్న తలుపు తెరవమన్నాను. తరానికి ఒకటి రెండు చుక్కలు అటూ ఇటూ దాటాయి. ఒకవైపు మాయమైన రంగు అవతలి నుంచి తిరిగొచ్చింది. ఆమె తలుపు మూసి, తెరిచి, మూసి, అరగంట చూసింది. ఆ పెన్సిల్ ప్రశ్న కింద తనే రాసుకుంది: "లేదు. గోడ కట్టినందుకు వచ్చింది."

బొమ్మ రుజువు కాదని కూడా చెప్పాను. అది ఒక నమూనా మాత్రమే. అసలు చరిత్రలో భూమి ఉంది, హింస ఉంది, ఆకలి ఉంది. రుజువు డీఎన్ఏ లెక్కల్లో దొరకాలి. 2017లో నేచర్ జెనెటిక్స్‌లో వచ్చిన అధ్యయనం చూపించాను. దక్షిణాసియాలో 263 సముదాయాల్ని చూస్తే 81 సముదాయాల్లో మూలపురుషులు బహుకొద్దిమంది అయిన ప్రభావం ఫిన్లాండ్ జనంలోకంటే బలంగా ఉంది. అలాంటి చోట అరుదైన వంశపారంపర్య జబ్బులు పెరుగుతాయి. గోడ కట్టుకున్నవాడికీ నష్టమే.

యానిమేషన్ వేస్తే చాలు, చదువు వచ్చేస్తుందనుకునే సార్లకు ఒక మాట. ప్రొజెక్టర్ మీద వీడియో ఆడించి లైట్లు వేస్తే అది సినిమా. హండ్‌హౌజెన్, డగ్లస్, స్టాస్కో 2002లో ఇలాంటి బొమ్మల మీద జరిగిన 24 ప్రయోగాలను పరిశీలించారు. తెర మీద ఏం కనిపించిందన్నదానికంటే విద్యార్థి దాంతో ఏం చేశాడన్నదే ఎక్కువ ముఖ్యమని తేల్చారు. మీట పిల్లల చేతిలో ఉండాలి.

ఇక భాష. నెట్‌లోగోలో జెనెటిక్ డ్రిఫ్ట్ నమూనాలు ఉచితంగా దొరుకుతాయి. ఫెట్ వాళ్ల బొమ్మల్ని ఎవరైనా తమ భాషలోకి మార్చుకోవచ్చు. ఆ పని ఎవరు చేయాలి? తెలుగులో డాక్టరేట్లు తీసుకుని కూర్చున్న నాలాంటివాళ్లం చేయాలి. మన పిల్ల ఇంగ్లిష్ మీట ముందు ఆగిపోతే ఆ తప్పు నాది కూడా.

సైన్స్ చదివే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మీ నోట్సుల్లో పెన్సిల్‌తో రాసి దాచుకున్న ప్రశ్నలు పట్టుకుని రండి. ఆదివారం పొద్దున కూర్చుందాం. ఫోన్ లేనివాళ్లు నా ఫోన్ వాడుకోవచ్చు.

జై భీమ్.