మీకు తెలీదులెండమ్మా!

కారు నడిపే ఆడవాళ్లని వింతగా చూసే రోజులు పోయాయి. కాని ఆ కారు ఒక పొద్దున మొరాయించి కూర్చుందంటే, బానెట్ ఎత్తే హక్కు ఇంకా మగవాళ్లదే. "నువ్వు పక్కకి తప్పుకో" అంటారు ఇంటాయన. "మీకు తెలీదులెండమ్మా" అంటాడు మెకానిక్కు. మనమూ బుద్ధిగా తప్పుకుంటాం. ఆ తప్పుకోవడం మీదే నా పోట్లాటంతా!

ఇందులో అంత బ్రహ్మవిద్య ఏముందండీ? కుక్కరు చప్పుడు విని వాషరు పోయిందని చెప్పగలం. మిక్సీ మూలుగు విని పప్పు ఎక్కువైందని పసిగడతాం. పక్కగదిలో పిల్లాడు దగ్గితే అది పొడిదగ్గో కఫమో చెప్పేస్తాం. మొరాయించిన కారూ చప్పుడుతోనే మాట్లాడుతుంది. వినడం తెలిసిన చెవులు మనవి కావూ?

అంబాసిడర్, మారుతి 800 రెండింటి తయారీ 2014లోనే ఆగిపోయింది. అయినా ఎన్నో ఇళ్ల వాకిళ్లలో అవి ఇంకా ఉన్నాయి. అలాంటి పాత కారు తాళం తిప్పినప్పుడు మొట్టమొదట వేసుకోవలసిన ప్రశ్న ఒక్కటే - ఇంజను తిరుగుతోందా, తిరగడం లేదా?

తిరగడం లేదనుకోండి. హెడ్‌లైట్లు వేసి తాళం తిప్పండి. "టకటకటక" మంటూ లైట్లు మసకబారితే బ్యాటరీ నీరసించిందన్నమాట, లేదా దాని టెర్మినల్స్ వదులయ్యాయన్నమాట. వాటి మీద తెల్లగానో పచ్చగానో పొడి పేరుకుని ఉంటే మైనస్ వైరు ముందు విప్పి, వేణ్ణీళ్లలో వంటసోడా కలిపి తుడిచి, ఆరాక మైనస్ వైరు ఆఖర్న బిగించడమే. లైట్లు దేదీప్యమానంగా వెలుగుతూ, ఒక్కసారి "టక్" మని ఊరుకుంటే అనుమానం సెల్ఫ్ మోటారు మీదా, దాని సోలినాయిడ్ మీదా, వాటికెళ్లే వైర్ల మీదా.

ఇంజను చురుగ్గా తిరుగుతూ అందుకోవడం లేదనుకోండి. అప్పుడు పాపం సెల్ఫ్ మోటారుది కాదు, బ్యాటరీదీ కాదు. అయితే పెట్రోలు అందడం లేదు, లేకపోతే ప్లగ్గులకి కరెంటు రావడం లేదు. పెట్రోలు వాసన గుప్పుమంటే ఎక్కువైందని అర్థం. కాసేపు ఆగి చూడాలి. వానాకాలంలో అయితే డిస్ట్రిబ్యూటర్ మూతలో చెమ్మ చేరి ఉండొచ్చు. పాత అంబాసిడర్లలో పాయింట్లు కాలిపోవడమూ మామూలే. ప్లగ్గు వైర్లలో పారేది వేల వోల్టులు కనక, తాళం తిప్పుతుండగా వాటిని ముట్టుకోకూడదు. ఆగకుండా సెల్ఫ్ కొట్టనూ కూడదు. పది సెకన్లు కొట్టి, అర నిమిషం ఆగాలి. లేకపోతే మంచి మోటారు కూడా వేడెక్కి చెడుతుంది.

ఈ మాత్రం తెలియకపోవడానికి మనం కట్టే జరిమానా ఎంతో తెలుసా? మా వీధిలో ఒకావిడకి "సెల్ఫ్ మోటారు పోయిందమ్మా, కొత్తది వెయ్యాలి" అని చెప్పాడొక మెకానిక్కు. "తాళం తిప్పితే లైట్లు మసకబారుతున్నాయి, ముందు బ్యాటరీ వైర్లు చూడు బాబూ" అందావిడ. చూశాడు. వదులుగా ఉన్న ఒక బిగింపు తప్ప అక్కడ మరో జబ్బే లేదు! ఆవిడ నోరు మూసుకుని ఉంటే వేల రూపాయలు ఎగిరిపోయేవి.

"అయితే ఆడవాళ్లని చేతులకి గ్రీజు పూసుకోమంటారా? మెకానిక్కుల పొట్ట కొట్టమంటారా?" అని కొందరు దీర్ఘాలు తీస్తారు. రెండూ కాదు. పిల్లాడికి జ్వరమొస్తే మనమే మందు రాసెయ్యం. కాని డాక్టరు దగ్గరికెళ్లి "ఏదో అయిందండీ" అని ఊరుకుంటామా? ఎప్పట్నించి, ఎన్ని డిగ్రీలు, వాంతులు ఉన్నాయా లేవా - అన్నీ చెప్తాం. కారు విషయంలోనూ అంతే. నిజాయితీ ఉన్న పనివాడు అలా చెప్తే సంతోషిస్తాడు. విసుక్కునేవాడి దగ్గరికి మళ్లీ వెళ్లకండి.

"యంత్రాలు ఆడవాళ్ల తలకెక్కవు" అనే పెద్దమనుషులకి ఒక సంగతి చెప్పండి. 1888 ఆగస్టులో జర్మనీలో బెర్తా బెంజ్ అనే ఇల్లాలు, భర్త కార్ల్ బెంజ్ తయారుచేసిన మూడు చక్రాల బండిని ఆయనతో చెప్పకుండా తీసుకుని, ఇద్దరు కొడుకులతో మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌లోని పుట్టింటికి బయల్దేరింది. నూరు కిలోమీటర్లకి పైచిలుకు దారి. ఇంధనం గొట్టం మూసుకుపోతే టోపీ పిన్నుతో పొడిచి శుభ్రం చేసింది. ఇగ్నిషన్ తీగ ఒరుసుకుపోతే మేజోళ్ల పట్టీ చుట్టి బాగుచేసింది. మోటారు కారులో మొట్టమొదటి దూరప్రయాణం చేసింది ఒక ఆడది. దారిలో రిపేర్లు చేసిందీ ఆవిడే!

చీకటి పడ్డాక, ఊరి చివర, వెనకసీట్లో పిల్లలుండగా కారు ఆగిపోతే ఇంటాయన పక్కన ఉండకపోవచ్చు. అప్పుడు అక్కరకొచ్చేది "మీకు తెలీదులెండమ్మా" అన్న మాట కాదు. తెలుసుకుని ఉన్న నాలుగు ముక్కలే. ఈ ఆదివారం వంట కాస్త ఆలస్యమైనా ఫరవాలేదు. కారు ఆపి, తాళం తీసి, బానెట్ ఎత్తి చూడండి. బ్యాటరీ ఎక్కడుందో, ఏ వైరు ఎటు వెళ్తోందో గుర్తుపట్టండి. పక్కన మీ అమ్మాయినీ నిలబెట్టుకోండి. రేపు దాన్ని ఎవరూ పక్కకి తప్పుకోమనకుండా!