ఆ సిరలను మూసినదెవరు?

మెడలోని సిరలన్నీ మూసుకుపోయిన పసిబిడ్డకు కాలేయం గుండా కెథెటర్ అమర్చి ప్రాణం నిలిపారన్న వార్త చదివినప్పుడు ఆ వైద్యులను అందరూ కొనియాడుతారు. కొనియాడవలసినదే. కానీ ఆ సిరలు వాటంతటవే మూసుకుపోయాయా అని ఎవరూ అడగరు.

మనవాళ్లు ‘నరం దొరకలేదు’ అంటారు. అది నరం కాదు, సిర. గుండె దగ్గరి పెద్ద సిరలోకి గొట్టం పంపడానికి వాడుకలో ఉన్న చోట్లు కొద్దే: మెడ, కాలర్ ఎముక దిగువ, గజ్జ, ఒక్కొక్కటి రెండు వైపులా. క్యాన్సర్ మందులకైనా, పేగు కోల్పోయిన బిడ్డకు పోషక ద్రవాలకైనా, డయాలసిస్‌కైనా ఇవే దిక్కు. కెథెటర్ ఉన్న సిరలో రక్తం గడ్డకట్టవచ్చు, సిర ఇరుకై పోవచ్చు.

నా చేతులు శుద్ధమని చెప్పను. ఉద్యోగంలో చేరిన తొలినాళ్లలో వాంతులు, విరేచనాలతో వాడిపోయిన బిడ్డలకు చీలమండ వద్ద చర్మం కోసి, సిరలో గొట్టం దూర్చి, కింది కొసను దారంతో ముడివేసేవాళ్లం. బిడ్డ బతికేది, ఆ సిర మాత్రం ఇక లేనట్టే. అప్పుడు మావద్ద అల్ట్రాసౌండ్ లేదు. మెడ సిరలో కెథెటర్ వేయడానికి, అత్యవసరం కానప్పుడు, పెద్దలకూ పిల్లలకూ అదే మేలైన పద్ధతి అని బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2002లోనే సూచించింది. నేటికీ యంత్రం గర్భిణుల గదిలో ఉండగా, బిడ్డ మెడలో సూది గుడ్డిగా దిగే ఆసుపత్రులున్నాయి. ఒకసారి కాదు, నాలుగుసార్లు, అయిదుసార్లు. దీనిని అనుభవమని పిలవడం నాకు సమ్మతం కాదు.

ప్రత్యామ్నాయమంటే కాలేయం దాకా పోనక్కరలేదు. కాలర్ ఎముక పైనుంచి అల్ట్రాసౌండ్‌తో చూస్తే బ్రాకియోసెఫాలిక్ సిర కనిపిస్తుంది. పసిపిల్లల్లో అది మెడ సిరకన్నా తరచు పెద్దది; ఒంట్లో నీరు తగ్గినా తేలికగా ముడుచుకుపోదు. పక్కనే ఊపిరితిత్తి ఉంది గనుక సూది మొనను తెరపై చూస్తూనే నడపాలి. నేర్వని చేతికి తగదు, నిజమే. అయితే నేర్పరేం?

మూత్రపిండాలు చెడిన బిడ్డ సంగతి మరీ దారుణం. రేపు డయాలసిస్ కోసం ఫిస్టులా చేయవలసినది ఆ చేతి సిరలతోనే. అదే చేతికి పిక్ లైన్ వేసి, ఆపై కాలర్ ఎముక దిగువ సిరనూ వాడేస్తే, ఇరవై ఏళ్లకు ఆ బిడ్డకు మిగిలేదేమిటి?

తల్లిదండ్రులారా, సంతకం చేసే ముందు అడగండి: ఏ సిర, ఎందుకు, అల్ట్రాసౌండ్‌తోనేనా, ఎప్పుడు తీస్తారు? ఏ సిరలో ఎన్నాళ్లు ఉంచారో డిశ్చార్జి చీటీలో రాయించుకోండి. నా కంటబడిన చీటీలలో ఆ ఒక్క వాక్యం ఉన్నవి బహు తక్కువ.